గడ్డి పాలుగా మారు దారి: మేత ఒంటబట్టుటకు విటమినులు చేయు సాయము



పెరటిలో వరిగడ్డి వాము నిండుగా ఉన్నది. పూటకింత దాణా పెట్టుచున్నారు. కుడితి తొట్టి ఎండిపోవుట లేదు. అయినను గేదె నానాటికి చిక్కిపోవుచున్నది. వెంట్రుకలు గరుకెక్కినవి. మేత ముందు వేసిన మూతి త్రిప్పుకొనుచున్నది. పాలు సగానికి దిగినవి. ఇటువంటి పశువును చూచి ఇరుగుపొరుగువారు దిష్టి తగిలినదందురు. కొందరు విసిగి, సంతలో వచ్చిన ధరకు తెగనమ్ముకొందురు. వేలు పోసి కొన్న పాడి పశువు కళ్లయెదుట కరిగిపోవుట ఏ ఇంటికైనను పెద్ద దెబ్బయే.

మేత కడుపులో పడుట వేరు, ఒంటబట్టుట వేరు. ఈ రెండింటి నడుమ ఒక పొడుగాటి దారి కలదు. ఆ దారిలో కొన్నిచోట్ల విటమినులు కాపలా కాయుచుండును. ఆ కావలివారు లేనిచో బండి అచ్చటనే ఆగిపోవును. ఎంత మేత వేసినను ప్రయోజనముండదు. ఆ దారి ఎట్టిది, ఎచ్చట ఆగును, ఆగకుండ మనమేమి చేయవలెను అను సంగతులు ఈ పాఠములో తెలిసికొందము.

పశువు నిజముగా దేనితో బ్రతుకుచున్నది?

ఆవు, గేదె, గొఱ్ఱె, మేక నెమరు వేయు జంతువులు. వీని పెద్ద పొట్టను గడ్డి దాచుకొను గాదె అనుకొనరాదు. అది పులియబెట్టు కాగు వంటిది. పెద్ద పశువులో అది నూరు లీటర్లకు పైగా పట్టును. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోటానుకోట్లు కాపురముండును. గడ్డిలోని పీచును విరుగగొట్టు శక్తి పశువునకు స్వయముగా లేదు; అది ఈ సూక్ష్మజీవులకే కలదు. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పులిసినట్లు పెద్ద పొట్టలో మేత రేయింబవళ్లు పులియుచుండును.

ఆ పులుపులో మూడు చిన్న ఆమ్లములు ముఖ్యమైనవి. మొదటిది ఎసిటిక్ ఆమ్లము. వినిగరు పులుపు ఇదే. దీనిలో 2 కర్బన పరమాణువులుండును. రెండవది ప్రొపియోనిక్ ఆమ్లము, దీనిలో 3. మూడవది బ్యుటిరిక్ ఆమ్లము, దీనిలో 4. ముక్కిపోయిన వెన్న వాసన ఈ మూడవదాని వలననే కలుగును. గడ్డి ఎక్కువగా తిను పశువులో ఈ ఆమ్లములు నూరు పాళ్లనుకొన్నచో, ఎసిటిక్ ఆమ్లము సుమారు 65 పాళ్లు, ప్రొపియోనిక్ ఆమ్లము 20 పాళ్లు, మిగిలినది బ్యుటిరిక్ ఆమ్లము. దాణా పెరిగినచో ప్రొపియోనిక్ ఆమ్లము పాలు పెరుగును.

ఈ ఆమ్లములు పొట్ట గోడల గుండా నెత్తురులో కలియును. పశువునకు కావలసిన శక్తిలో సుమారు 70 పాళ్లు వీనినుండియే వచ్చును. అనగా మీ గేదె గడ్డి తినుచున్నట్లు పైకి కనబడుచున్నను, లోపల అది ఈ ఆమ్లములతోనే బ్రతుకుచున్నది.

ఇందు ఎసిటిక్ ఆమ్లము పాలలోని వెన్నకు ముడిసరకు. అందుచేతనే పీచు మేత తగ్గించి దాణా మితిమీరి పెట్టినచో పాలలో వెన్న శాతము పడిపోవును. ప్రొపియోనిక్ ఆమ్లము వేరొక గొప్ప పని చేయును. అది కాలేయమునకు పోయి గ్లూకోజు అను చక్కెరగా మారును. మనము అన్నము తిన్నచో అందలి పిండి పదార్థము ప్రేగులలో చక్కెరగా మారి నెత్తురులో చేరును. నెమరు వేయు పశువునకు ఆ వసతి చాల తక్కువ. మేతలోని పిండిని, చక్కెరను సూక్ష్మజీవులు ముందే పులియబెట్టివేయును. కనుక తనకు కావలసిన చక్కెరలో అధిక భాగమును పశువు కాలేయములో తయారుచేసికొనవలసినదే.

ఒక లెక్క చూడుడు. లీటరు పాలలో సుమారు 50 గ్రాముల పాల చక్కెర ఉండును. రోజునకు 10 లీటర్లు ఇచ్చు గేదె ప్రతిదినము అర కిలో చక్కెరను మన బిందెలో పోయుచున్నదన్నమాట. ఆ చక్కెరకు మూలము గ్లూకోజు. ఆ గ్లూకోజులో పెద్ద వాటా ప్రొపియోనిక్ ఆమ్లము నుండి వచ్చినది. పొదుగులో పాల పరిమాణము ఈ చక్కెరను బట్టియే నిర్ణయమగును. ప్రొపియోనిక్ ఆమ్లము సరిగా మారనిచో చక్కెర లేదు. చక్కెర లేనిచో పాలు లేవు.

కణములోని పొయ్యిలు

పశువు శరీరము లెక్కకు అందని కణములతో కట్టిన ఇల్లు. దాదాపు ప్రతి కణములోను అతి చిన్న పొయ్యిలు ఉండును. శాస్త్రజ్ఞులు వీనిని మైటోకాండ్రియా అందురు. కాలేయ కణమొక్కదానిలోనే ఇవి వేయికి పైగా ఉండవచ్చును. పైన చెప్పిన ఆమ్లములు మండునది ఈ పొయ్యిలలోనే. మంట కనబడదు, పొగ రాదు. కాని కట్టె మండినపుడు వచ్చినట్లే బొగ్గుపులుసు వాయువు, నీరు, శక్తి వెలువడును. ఆ శక్తిని శరీరము ఎ.టి.పి. అను పదార్థముగా దాచుకొని, అవసరము కొలది ఖర్చు చేయును. ఈ ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి వారు ఈ పరిశోధన చేసిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును విడిగా దానిని కనుగొనెను.

పొయ్యిలో పని చేయు పనివారిని ఎంజైములందురు. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పనియే చేయును. కొన్ని ఎంజైములు ఒంటరిగా పని చేయలేవు. వానికి విటమిను తోడుండవలెను. దీనిని నాగలితో పోల్చి చూడుడు. నాగలి అంతయు కొయ్యయే. కర్రు చిన్న ఇనుప ముక్క. కర్రు ఊడిన నాగలిని ఎద్దులు రోజంతయు లాగినను చాలు పడదు. ఎంజైము నాగలి వంటిది, విటమిను కర్రు వంటిది. కర్రు ఎంత చిన్నదైనను అది లేనిదే దున్నకము లేదు. విటమినులు ఇంత కొద్దిగా కావలసియుండియు ఇంత ముఖ్యమగుటకు కారణమిదే.

మూడు కర్బనముల ఆమ్లము నడచు దారి

మైటోకాండ్రియాలో ఆమ్లములను మండించు పద్ధతి గానుగను పోలియుండును. గానుగ ఎద్దు తిరిగిన చోటనే తిరుగుచుండును. కాని ప్రతి చుట్టుకు కొంత నూనె దిగును. కణములోని గానుగను 1937లో హాన్స్ క్రెబ్స్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. అందుచేత దానిని క్రెబ్స్ చక్రమందురు.

ఎసిటిక్ ఆమ్లము రెండు కర్బనములది కనుక నేరుగా ఈ గానుగలో పడును. నాలుగు కర్బనముల బ్యుటిరిక్ ఆమ్లమును రెండేసిగా విరిచి అందులో వేయవచ్చును. ప్రొపియోనిక్ ఆమ్లము కర్బనములు మూడు. బేసి సంఖ్య. రెండు తీసినచో ఒకటి మిగులును. కనుక దానికి ప్రకృతి వేరొక దారి ఏర్పరచినది. ఆ దారిలో మూడు అడుగులు కలవు.

మొదటి అడుగు: ఆమ్లమును కోఎంజైము 'ఎ' అను మోతకావడికి కట్టుట. ఈ కావడి పాంటోథెనిక్ ఆమ్లము అను 'బి' విటమినుతో తయారైనది.

రెండవ అడుగు: మూడు కర్బనములకు మరియొక కర్బనమును చేర్చి నాలుగు చేయుట. ఈ పని చేయు ఎంజైమునకు బయోటిన్ అను విటమిను కర్రు. ఇందుకు కొంత ఎ.టి.పి. ఖర్చగును. ఇప్పుడు తయారైనది మిథైల్ మలోనిక్ ఆమ్లము. దీనిలో కర్బనములు నాలుగే అయినను అవి వరుసగా లేవు. ఒకటి ప్రక్కకు కొమ్మ వేసినట్లుండును.

మూడవ అడుగు: ఆ ప్రక్క కొమ్మను వరుసలోనికి తెచ్చి తిన్నగా చేయుట. వంకర తీసిన పిదప దానిని సక్సినిక్ ఆమ్లమందురు. అది గానుగలోనికి సరిగా ఇమిడిపోవును. ఈ వంకర తీయు ఎంజైమునకు 'బి12' విటమిను కర్రు. అది లేనిచో ఈ అడుగు పడదు.

గానుగలో చేరిన తరువాత కొంత మండి శక్తినిచ్చును. కాలేయములో అధిక భాగము మధ్యలో వెలికి వచ్చి గ్లూకోజుగా మారును. గడ్డి పాలుగా మారుటలో ఇంత కథ కలదు.

ఇక 'బి12' సంగతి. ఈ విటమినును మొక్కలు చేయలేవు, జంతువులు చేయలేవు. బాక్టీరియా వంటి సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు. దీని నడిబొడ్డున కోబాల్టు అను లోహపు పరమాణువు ఒకటి ఉండును. తూకములో నూరింట నాలుగు పాళ్లకు పైగా కోబాల్టే. కనుక పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు కోబాల్టు అందినచో అవి పశువునకు కావలసిన 'బి12' అంతయు చేసిపెట్టును. అందనిచో చేయలేవు. కోబాల్టు గడ్డి నుండి, గడ్డికి నేల నుండి రావలసినదే.

పచ్చగడ్డిలో నిలబడి మాడిన పశువులు

ఈ సంగతి లోకమునకు తెలియుటకు ముందు వేలాది రైతులు నష్టపోయిరి. న్యూజీలాండు ఉత్తర దీవి మధ్యభాగమున అగ్నిపర్వతపు బూడిద నేలలు కలవు. అక్కడ పచ్చిక బాగుగా పెరిగెను. అయినను దానిని మేసిన ఆవులు, గొఱ్ఱెలు నెలల తరబడి చిక్కి, నెత్తురు పాలిపోయి చచ్చెడివి. అదే పచ్చిక మేసిన గుఱ్ఱములకు ఏమియు కాలేదు. జబ్బుపడిన పశువును వేరొక ప్రాంతమునకు తోలుకొనిపోయినచో కోలుకొనెడిది. ఎందరో రైతులు భూములు విడిచి వెళ్లిరి. ఆస్ట్రేలియాలోను కొన్ని తీర ప్రాంతములలో ఇదే గోడు.

నెత్తురు పాలిపోయినది కనుక ఇనుము లోపమని మొదట తలచిరి. ఇనుప ఖనిజపు మన్ను నాకించగా పశువులు నిజముగానే కోలుకొనెను. కాని వింత ఏమనగా, ఒక చోటి మన్ను పనిచేసెను, వేరొక చోటిది పనిచేయలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్, ఫిల్మర్ అను పరిశోధకులు ఆ ఖనిజము నుండి ఇనుమును తీసివేసి, మిగిలిన దానిని గొఱ్ఱెలకు ఇచ్చి చూచిరి. ఇనుము లేకున్నను గొఱ్ఱెలు బాగుపడెను! ఖనిజములో లేశముగా కలిసియున్న కోబాల్టే అసలు మందని 1935లో తేల్చిరి. దక్షిణ ఆస్ట్రేలియాలో మార్‌స్టన్, లైన్స్ అనువారును అదే సంవత్సరమున అదే సంగతి చెప్పిరి. గొఱ్ఱెకు కావలసినది రోజునకు మిల్లీగ్రాములో పదియవ వంతు మాత్రమే! పిమ్మట సూపర్ ఫాస్ఫేటు ఎరువులో కోబాల్టు కలిపి చల్లి ఆ భూములను మరల పాడికి పనికివచ్చునట్లు చేసిరి.

ఇంకొక చిక్కు మిగిలినది. కోబాల్టు నోటితో ఇచ్చినచో గుణమిచ్చెను. సూదితో నెత్తురులోనికి ఎక్కించినచో గుణమీయలేదు. 1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను 'బి12' విటమినును వేరుచేసి, దానిలో కోబాల్టు ఉన్నదని కనుగొనిన తరువాత ఈ చిక్కు వీడినది. కోబాల్టు కావలసినది ముఖ్యముగా పొట్టలోని సూక్ష్మజీవులకు. పశువునకు కావలసినది అవి చేసిన విటమిను. 1951లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోబాల్టు లేక చిక్కిన గొఱ్ఱె పిల్లలకు 'బి12' సూదిమందిచ్చి కోలుకొనునట్లు చేసిరి. 1961లో మార్‌స్టన్ బృందము, ఇట్టి గొఱ్ఱెలలో చెడినది ప్రొపియోనిక్ ఆమ్లము నడచు దారియే అని చూపెను.

ఈ కథలో మనకొక నీతి కలదు. మందు పనిచేసినది కదా అని కారణము తెలిసినదనుకొనరాదు. ఇనుప మన్ను పనిచేసినది. కారణము ఇనుము కాదు.

దారి మూసుకొనిపోయినపుడు

కాలువకు అడ్డు పడినచో ఎగువన నీరు నిలిచి గట్టు తెగును. దిగువన పొలము ఎండును. ఇక్కడను అంతే. 'బి12' లేనపుడు ఎగువన ప్రొపియోనిక్ ఆమ్లము నెత్తురులో నిలిచిపోవును. ఆకలి మందగించుటకు ఇది ఒక కారణము. మిథైల్ మలోనిక్ ఆమ్లము పేరుకొని నెత్తురులోను, మూత్రములోను కనబడును. దిగువన గ్లూకోజు కరవై పాలు తగ్గును, ఒళ్లు తీయును. ప్రయోగశాలలో ఈ మిథైల్ మలోనిక్ ఆమ్లమును, నెత్తురులోని 'బి12'ను కొలిచి జబ్బును నిర్ధారణ చేయవచ్చును.

'బి12' ఫోలిక్ ఆమ్లముతో కలిసి నెత్తురు తయారగుటకు కూడ తోడ్పడును. అందుచేత లోపమున్న పశువునకు కనురెప్పల లోపలి పొర పాలిపోవును.

ఒక హెచ్చరిక! చిక్కిపోవుట, వెంట్రుకలు రేగుట, కనురెప్పలు పాలిపోవుట అనునవి కోబాల్టు లోపమునకే పరిమితమైన గుర్తులు కావు. నట్టలు, జలగవ్యాధి, చాలని మేత, ఇతర వ్యాధులు కూడ ఇట్లే కనబడును. కనుక గుర్తులు చూచి మీకు మీరే నిర్ణయింపక పేడ పరీక్ష చేయించుడు. నట్టలున్న పశువునకు ఎన్ని విటమినులు పోసినను ఓటికుండలో నీరు పోసినట్లే.

ధాన్యము మితిమీరినపుడు: మరియొక ఆమ్లము, మరియొక విటమిను

ఇంతవరకు కొరత వలన కలుగు నష్టము చెప్పితిమి. ఇక మితిమీరుట వలన కలుగు నష్టము వినుడు. కళ్లములో కట్టు త్రెంచుకొని గేదె వడ్ల రాశి మీద పడును. పెండ్లి ఇంట మిగిలిన అన్నము పారవేయుటకు మనసొప్పక పశువుల తొట్టిలో పోయుదురు. తెల్లవారునప్పటికి పశువు నిలబడలేక పడియుండును.

ఇట్లేల జరుగును? పిండి పదార్థము ఒక్కసారిగా వచ్చి పడినచో పెద్ద పొట్టలో లాక్టిక్ ఆమ్లము చేయు సూక్ష్మజీవులు విజృంభించును. పెరుగు పులుపు ఈ ఆమ్లముదే. పొట్ట అతిగా పులిసి, పీచును విరుచు మంచి సూక్ష్మజీవులు చచ్చును. పశువు మేత మాని, పొట్ట కదలక, పారుకొని, కొన్ని గంటలలోనే ప్రాణము మీదికి వచ్చును.

బ్రతికి బయటపడినను, లేదా కొద్ది కొద్దిగా దాణా ఎక్కువై పొట్ట పులియుచుండినను ఇంకొక ముప్పు కలదు. మంచి సూక్ష్మజీవులు చేసిపెట్టు 'బి1' విటమిను (థయమిన్) తగ్గును. పైగా దానిని విరుగగొట్టు సూక్ష్మజీవులు కొన్ని బలియును. మెదడునకు ఇంధనము గ్లూకోజు. గ్లూకోజు విరిగినచో పైరువిక్ ఆమ్లము అను మూడు కర్బనముల ఆమ్లమగును. అది మైటోకాండ్రియాలోని గానుగలో చేరుటకు 'బి1' కర్రు గల ఎంజైము కావలెను. కర్రు లేనిచో పైరువిక్, లాక్టిక్ ఆమ్లములు పేరుకొనును; మెదడు ఆకలితో దెబ్బతినును. ముఖ్యముగా ఎదుగు దూడలలో, గొఱ్ఱెలలో, మేకలలో ఇది కనబడును. చూపు మందగించుట, తల గోడకానించి నెట్టుట, మెడ వెనుకకు విరుచుకొని ఆకాశము చూచుట, గుండ్రముగా తిరుగుట, కొట్టుకొనుట దీని గుర్తులు. పశువైద్యుడు వెంటనే 'బి1' సూదిమందు ఇచ్చినచో పశువు చాలవరకు కోలుకొనును. ఆలస్యమైనచో చూపుగాని, ప్రాణముగాని దక్కదు. పిచ్చికుక్క కరచిన పశువును కూడ ఇట్లే ప్రవర్తింపవచ్చును గనుక నోటిలో చేయి పెట్టక ముందు వైద్యునికి చూపవలెను.

ఈ 'బి1' కథ మన కోస్తా జిల్లాలకు క్రొత్త కాదు. ఉత్తర సర్కారులని పిలువబడిన మన తీర జిల్లాలలో 20వ శతాబ్దపు మొదటి సగమున బెరిబెరి వ్యాధి ఉండెడిది. మిల్లులో బాగుగా తెల్లచేసిన పచ్చి బియ్యము తినుటయే కారణము. 'బి1' ఉన్నది తవుడులో. బియ్యము పాలిష్ పట్టినకొలది అది తవుడుతో వెడలిపోయెను. ఉప్పుడు బియ్యము తినువారిలో ఈ వ్యాధి అరుదు. వడ్లు ఉడికించునపుడు విటమిను గింజ లోపలికి దిగును. మనము పోగొట్టుకొనిన విటమినును తవుడు రూపమున మన పశువులు తినుచుండెనన్నమాట!

మీరు చేయవలసిన పనులు

1. చిక్కిన పశువునకు మొదట పేడ పరీక్ష, వైద్యుని సలహాపై నట్టల మందు. ఆ తరువాతనే తక్కిన మాట.

2. పెద్ద పశువునకు రోజునకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమము దాణాలో కలుపవలెను. ఎక్కువ పాలిచ్చు పశువునకు పాలను బట్టి 100 గ్రాములు, అంతకు పైన అవసరము కావచ్చును. దూడలకు 20 నుండి 25 గ్రాములు చాలును. సంచి మీద కోబాల్టు పేరు ఉన్నదో లేదో చదివి కొనుడు. ఉత్త ఉప్పురాయి ఖనిజ మిశ్రమము కాదు. ఒకటి ఉన్నచో రెండవది అక్కరలేదనుకొనరాదు.

3. కోబాల్టు లవణమును విడిగా కొని మీ చేతితో ఇవ్వరాదు. పశువునకు కావలసినది రోజునకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఇంత స్వల్పమును ఇంటి త్రాసు తూచలేదు. హెచ్చినచో అది విషము.

4. పచ్చిమేతలో మూడవ వంతు పప్పుజాతి మేత ఉండునట్లు చూడుడు. పిల్లిపెసర, అలసంద, జనుము, లూసర్ను మంచివి. పప్పుజాతి మేతలో సాధారణముగా గడ్డిజాతి మేతలో కన్న కోబాల్టు హెచ్చు. ఈ మొక్కల వేరుబుడిపెలలోని బాక్టీరియాకు కూడ కోబాల్టు అవసరమే.

5. దాణా పెంచదలచినచో పది, పదునాలుగు రోజులలో కొద్దికొద్దిగా పెంచుడు. పొట్టలోని సూక్ష్మజీవులకు క్రొత్త మేతకు అలవాటు పడుటకు వ్యవధి కావలెను. శరీర పోషణకు ఒక కిలో నుండి కిలోన్నర, ఆపైన ఆవుకు రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో, గేదెకు రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా లెక్క. దానిని ఒక్క పూటలో కాక రెండు మూడు పూటలుగా పెట్టుడు.

6. ఎంత దాణా పెట్టినను వరిగడ్డి, చొప్ప మానరాదు. నెమరు వేసినపుడు ఊరు లాలాజలమే పొట్టలోని పులుపునకు విరుగుడు. మేతను పొడిపొడిగా నరుకక అంగుళము, రెండంగుళముల ముక్కలుగా నరుకుడు.

7. విందులలో మిగిలిన అన్నము, పిండివంటలు పశువులకు పోయరాదు. నూర్పిళ్ల కాలములో కట్టుత్రాళ్లు గట్టిగా ఉన్నవో లేదో రాత్రి ఒకసారి చూచుకొనుడు. పొరపాటున ధాన్యము తిన్నచో, గుర్తులు కనబడువరకు వేచియుండక వెంటనే పశువైద్యుని పిలువుడు.

8. పాలు త్రాగు దూడకు పెద్ద పొట్ట ఇంకను పని మొదలుపెట్టదు. దానికి 'బి' విటమినులు పాల నుండియే రావలెను. కనుక జున్నుపాలు, పాలు తగినన్ని త్రాగనిచ్చి, రెండవ వారము నుండి లేత మేత, కొద్ది దాణా అలవాటు చేయుడు.

9. ఆరోగ్యముగా నెమరు వేయుచున్న పెద్ద పశువునకు దినదినము 'బి' కాంప్లెక్సు టానిక్కులు కొనిపోయవలసిన అగత్యము లేదు. దాని పొట్టలోనే విటమినుల కార్ఖానా కలదు. ఆ డబ్బుతో పచ్చిమేత విత్తనము కొనుట మేలు. జబ్బుపడి మేత మానిన పశువు సంగతి వేరు. దానికి వైద్యుడు చెప్పినట్లు చేయవలెను.

కోళ్లకు పెద్ద పొట్ట లేదు. వట్టి నూకలు, జొన్నలతో కట్టివేసి పెంచు కోళ్లకు 'బి12' చాలదు. వాని దాణాలో చేపపొడి గాని, విటమినుల మిశ్రమము గాని ఉండవలెను.

మన ఇంటి మాట

ఈ దారి పశువులకే కాదు, మనకును కలదు. మన కణములలోను అవే పొయ్యిలు, అవే ఎంజైములు. కాని మనకు నెమరు పొట్ట లేదు. మొక్కలలో 'బి12' లేదు గనుక అది మాంసము, చేప, గ్రుడ్డు, పాల నుండి రావలసినదే. శాకాహారుల ఇండ్లలో పాలు, పెరుగు, మజ్జిగలే దీనికి ఆధారము. పెద్దవారికి రోజునకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు పైచిలుకు. అర లీటరు పాలు అందులో చాల భాగము తీర్చును. ఉన్న పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటిలోని గర్భిణులకు, బాలింతలకు, ముసలివారికి మజ్జిగ చుక్క మిగల్చని ఇండ్లు కలవు. అరికాళ్ల తిమ్మిరి, నీరసము, మతిమరుపు, నెత్తురు తగ్గుట కనబడినచో వైద్యునికి చూపి 'బి12' పరీక్ష చేయించుకొనుడు. నరములకు కలిగిన నష్టము ముదిరినచో పూర్తిగా తీరకపోవచ్చును.

అరుదుగా కొందరు పసిబిడ్డలకు పుట్టుకతోనే ఈ వంకర తీయు ఎంజైము చెడియుండును. పుట్టిన కొద్ది దినములలోనే పాలు త్రాగక, వాంతులు చేసికొని, మగతగా పడియుందురు. తల్లిదండ్రులిద్దరిలోను దాగియున్న లోపము బిడ్డకు కలిసివచ్చినపుడు ఇట్లు జరుగును. మేనరికపు పెండ్లిండ్లలో ఇందుకు అవకాశము హెచ్చు. ఇది ఎవరి పాపమును కాదు, తల్లి దోషము అసలే కాదు. అట్టి బిడ్డలలో కొందరు 'బి12' సూదిమందుతోను, తగిన ఆహార నియమముతోను బాగుపడుదురు. ఇంటిలో పసిబిడ్డలు ఈ తీరున పోయియున్నచో, తరువాతి కాన్పునకు ముందే పెద్దాసుపత్రిలో సలహా తీసికొనవలెను.

సారాంశము

పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని చిన్న ఆమ్లములుగా మార్చును. ఆ ఆమ్లములు కణములోని పొయ్యిలలో మండి శక్తిని, కాలేయములో మారి పాల చక్కెరను ఇచ్చును. ప్రొపియోనిక్ ఆమ్లమునకు బయోటిన్, 'బి12' కావలెను. పైరువిక్ ఆమ్లమునకు 'బి1' కావలెను. 'బి12'కు కోబాల్టు, 'బి1'కు పులిసిపోని పొట్ట ముఖ్యము. మొదటిదానికి ఖనిజ మిశ్రమము, పప్పుజాతి మేత. రెండవదానికి పీచు మేత, మితమైన దాణా. ఈ నాలుగును మీ చేతిలో ఉన్నవే.

రేపు ఉదయము పాలు పితుకునపుడు మీ పశువు వెంట్రుక నిగనిగలాడుచున్నదో లేదో, కనురెప్ప లోపల ఎరుపు ఉన్నదో లేదో, నెమరు సాఫీగా వేయుచున్నదో లేదో ఒక్క క్షణము నిలిచి చూడుడు. తేడా కనబడినచో సంతకు తోలుకొనిపోవుటకు ముందు పశువైద్యశాలకు తోలుకొనిపొండు. పాడి పశువు నోరులేనిది. దాని బాధ కనిపెట్టి చెప్పవలసినవారు మీరే.